కదలొద్దు బాబాయి స్తోత్రపాఠం

ఆయన అసలు పేరు మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆసుపత్రి మొత్తానికీ ఆయన కదలొద్దు బాబాయి. ఎమ్మారై గదిలో ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని ఆ పెద్ద గొట్టంలోకి పంపించి, అద్దానికి ఇవతల కూర్చుని, మైకులో "కదలొద్దు... కదలొద్దు..." అంటూ గడిపిన మనిషికి ఇంకో పేరు నిలుస్తుందా? ఫోనెత్తితే "హలో" కన్నా ముందు అదే వస్తుంది. ఒకసారి బస్సులో సీట్ల కోసం తోసుకుంటున్న జనాన్ని చూసి అలవాటు కొద్దీ గట్టిగా "కదలొద్దు!" అన్నాడు. బస్సంతా బిగుసుకుపోయింది. బాబాయి తీరిగ్గా వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు.

గొట్టం సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మనిషిని సన్నటి బల్ల మీద పడుకోబెడతారు. తల ఫొటో అయితే తలకు పంజరం లాంటిదొకటి తగిలిస్తారు. చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతారు, మరీ ఓర్చుకోలేకపోతే నొక్కడానికి. తర్వాత బల్లతో సహా లోపలికి తోస్తారు. ముక్కుకు జానెడు దూరంలో పైకప్పు. ఇక మోత మొదలవుతుంది. కాసేపు ఎవరో తలుపు బాదుతున్నట్టు, కాసేపు రేకుల మీద రాళ్ళు పడుతున్నట్టు. మూడు నాలుగు నిమిషాలు మోత, ఒక నిమిషం విరామం, మళ్ళీ మోత. ఆ గొట్టంలో నాస్తికుణ్ణి బాబాయి చూసింది చాలా తక్కువ. బయట బల్ల గుద్ది వాదించే పెద్దమనుషులు కూడా లోపలికి వెళ్ళిన రెండో నిమిషానికి ఆంజనేయుణ్ణి చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తారు.

చిక్కల్లా ఎక్కడంటే, పైకి చదివితే దవడ కదులుతుంది. దవడ కదిలితే తల కదులుతుంది. తల కదిలితే ఫొటో అలుక్కుపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బాబాయి "నోరు మూసుకోండి సార్" అని చూశాడు. శ్లోకం ఆగిపోయింది గానీ, అది ఆగగానే కాళ్ళూ చేతులూ తాళం వేయడం మొదలుపెట్టాయి. ఆలోచించి ఒక ఒప్పందం కనిపెట్టాడు. మోత ఉన్నంతసేపూ మనసులో చదువుకోవాలి, మోత ఆగగానే పైకి ఎంత గట్టిగానైనా చదువుకోవచ్చు. ఇక చూడండి, విరామం ఎప్పుడొస్తుందా అని జనం కర్రల్లా పడుకునేవాళ్ళు. గాభరాలో ఎవరికైనా పాఠం మరుపుకొస్తే బాబాయే మైకులో అందించేవాడు.

దీనికోసం సొరుగులో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. శ్లోకాలతో పాటు, ఏ అవయవానికి ఏ స్తోత్రం సరిపోతుందో కూడా అందులో ఉంటుంది. మోకాలికి ఒక అష్టోత్తరం. మెడకు స్తోత్రం, పైన ఒక మంగళం. నడుముకు రెండు స్తోత్రాలు. తేటగా కనిపించడానికి నరానికి రంగుమందు ఎక్కించి తీసే తలకైతే వెయ్యి నామాల్లో మూడొంతులు. రానురాను ఆయనకు గడియారంతో పని లేకుండా పోయింది. ఇంటి నుంచి భార్య ఫోన్ చేసి "ఎంతసేపట్లో వస్తారండీ?" అంటే "రెండు మోకాళ్ళు, ఒక మెడ ఉన్నాయి" అంటాడు. ఆవిడ ఆ లెక్కకే కుక్కరు పెడుతుంది. ఒక్కనాడూ అన్నం చల్లారలేదు.

ఇంతకీ అసలు తమాషా ఇది. బాబాయి ఈ స్తోత్రాలను పుస్తకం చూసి నేర్చుకోలేదు, రోగుల నోట విని నేర్చుకున్నాడు. రోగి పైకి ఒకటి, రెండు శ్లోకాలు చదువుతాడు. ఇంతలో మోత మొదలవుతుంది, మిగతావి మనసులో చదువుకుంటూ పోతాడు. మోత ఆగేసరికి ఏ తొమ్మిదో శ్లోకం దగ్గరో ఉంటాడు, అక్కణ్ణుంచి పైకి అందుకుంటాడు. కాబట్టి బాబాయి నోటుబుక్కులో ఒకటి, రెండు తర్వాత తొమ్మిది, పది, ఆ తర్వాత పదిహేడు ఉంటాయి. మధ్యవన్నీ మిషను మింగేసింది. అలా మింగిందని కూడా బాబాయికి తెలియదు. పైగా, చదివితే వచ్చే లాభాలు చెప్పే చివరి శ్లోకం ఉంటుందే, ఫలశ్రుతి, దాన్ని మాత్రం ఏ రోగీ వదిలిపెట్టడు. భయం ఎక్కువైతే మొదటి శ్లోకం నుంచి సరాసరి దాని మీదికే దూకుతాడు. అందుకని బాబాయి దగ్గర స్తోత్రాలు తక్కువ, ఫలశ్రుతులు ఎక్కువ.

మరి ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోలేదా అంటే, ముక్కు మీద పైకప్పు ఉన్నవాడు శ్లోకాల నంబర్లు లెక్కపెడతాడా? ఒకే ఒక్కసారి, మోకాలు నొప్పితో వచ్చిన పురోహితుడొకాయన బయటికొచ్చాక చాలాసేపు ఆలోచించి, "ఇదేదో అరుదైన పాఠంలా ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్నాడు. "ఇక్కడేనండి, ఈ గదిలోనే" అన్నాడు బాబాయి వినయంగా. ఆయన గదికి కూడా ఓ నమస్కారం పెట్టి వెళ్ళాడు.

బాబాయి భక్తుడని మాత్రం అనుకోకండి. చెవుల్లో పెట్టే దూది ఎలాగో, చేతికిచ్చే రబ్బరు బుడ్డి ఎలాగో, స్తోత్రమూ అలాగే ఆయనకు. పని జరగాలి, ఫొటో రావాలి. తనకోసమంటూ ఒక్క శ్లోకం చదువుకున్నది లేదు.

ఇలా చీకూ చింతా లేకుండా సాగిపోతుండగా ఒక సోమవారం మధ్యాహ్నం పెద్దక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

పెద్దక్క ఆయనకన్నా పదకొండేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి బాబాయి నాలుగేళ్ళవాడు. అప్పటి నుంచి తల దువ్వింది ఆవిడే, అన్నం పెట్టింది ఆవిడే, ఎక్కాలు నేర్పిందీ, తప్పితే తొడపాశం పెట్టిందీ ఆవిడే. తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో లెక్కల టీచరుగా చేసింది. రిటైరైనా చేతిలో ఎర్ర పెన్ను మాత్రం రిటైరు కాలేదు. ఎవరైనా ఉత్తరం రాస్తే తప్పులు దిద్ది తిరుగు టపాలో పంపేది. డాక్టరు రాసిన మందుల చీటీ తీసుకుని, రోజుకెన్ని, వారానికెన్ని అని కూడి, "ఒక మాత్ర తక్కువొచ్చింది, మళ్ళీ చూసుకోండి" అనేది. స్తోత్రాలన్నీ కంఠతా. పొద్దున్నే ఆవిడ చదువుతుంటే ఒక్క అక్షరం జారితే ఒట్టు.

"తమ్ముడూ, నువ్వు కోప్పడకూడదు మరి" అంది ఫోనులో. అక్క అలా మాట మొదలుపెట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సంగతేమిటంటే, మూడు నెలలుగా ఆవిడకు కుడి కన్ను మసకేస్తోంది. కంటి వెనక ఏదో పెరుగుతోందన్నారు. ఎమ్మారై తీయించమన్నారు. తమ్ముడికి చెబితే కంగారు పడతాడని, తన ఇంటి దగ్గరున్న సెంటరుకు ఒంటరిగా వెళ్ళింది. మొదటిసారి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. రెండోసారి తలకు పంజరం పెట్టగానే లేచి కూర్చుంది. మూడోసారి లోపలికి వెళ్ళి, మూడు నిమిషాలు తిరక్కుండా బుడ్డి నొక్కేసింది. మత్తిచ్చి తీద్దామంటే ఆవిడకు ఆయాసం, మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. గురువారం ఆపరేషను పెట్టారు. ఫొటో లేకుండా కత్తి పట్టనని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కన్ను పూర్తిగా పోతుందనీ, రెండోదానికీ పూచీ లేదనీ కూడా చెప్పాడు.

"మరి ఏదైనా స్తోత్రం చదువుకోలేకపోయావా అక్కా?"

"అదేరా చెప్పేది. లోపలికి వెళ్ళగానే ఒక్కటంటే ఒక్కటి గుర్తొస్తేనా! బోర్డు తుడిచేసినట్టు తుడుచుకుపోయాయి. గొట్టం కన్నా దానికే ఎక్కువ హడలిపోయాను."

బాబాయి వెంటనే, "రేపు పదింటికి వచ్చెయ్. నేను లేనూ?" అన్నాడు.

మంగళవారం పొద్దున పెద్దక్క వచ్చింది. గొట్టమంతా అయస్కాంతమే, ఇనుము ఒంటి మీద ఉండకూడదని నర్సమ్మ చెబితే "నా దగ్గరేం ఇనుముందమ్మా" అంది. తీరా వెతికితే పిన్నీసులు ఏడు. సరే, అన్నీ తీయించి ఆసుపత్రి గౌను ఇచ్చి పంపితే, వదులుగా ఉందని దానికీ రెండు పెట్టుకొచ్చింది. అవీ తీయించింది గానీ, ఆ రెండూ ఎక్కడివో నర్సమ్మకు ఈనాటికీ అంతుపట్టలేదు.

బల్ల మీద పడుకున్నాక మాత్రం ఆవిడే చెయ్యి చాచి బుడ్డి అడిగింది. బాబాయి రబ్బరు బుడ్డి పెట్టి వేళ్ళు మూశాడు.

"నేను నొక్కానంటే తీసెయ్యాలి తమ్ముడూ. బతిమాలకూడదు."

"తీసేస్తానక్కా. కళ్ళు మూసుకో."

ఇవతలికొచ్చి మైకు దగ్గర కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఎంతమందికో చెప్పాడు. ఇవాళ మాట వణుకుతుంటే సర్దుకుని, "అక్కా, ఆంజనేయుడిది చదువుతున్నా. నువ్వూ అందుకో" అన్నాడు. మొదటి శ్లోకం చదివాడు. లోపలి నుంచి పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోది చదివాడు. అదే చప్పుడు. ఇక నిబ్బరంగా తన లెక్క ప్రకారం తర్వాతది, అంటే తొమ్మిదోది, అందుకున్నాడు.

"ఆగు" అంది గొట్టం.

"ఏమైందక్కా? తీసెయ్యనా?"

"మూడోది ఏదిరా?"

"ఏ మూడోది?"

"ఏ మూడోదంటావేమిటి? రెండు తర్వాత ఎంత?"

"అక్కా, మోత మొదలవుతోంది, కదలొద్దు" అంటూ బాబాయి మీట నొక్కేశాడు. "నాలుగు? ఐదు? ఆ-" అని ఆవిడ ఇంకా ఏదో అంటుండగానే మోత కప్పేసింది.

మూడు నిమిషాల నలభై సెకన్లు. బాబాయి కళ్ళు బుడ్డి తాలూకు ఎర్రదీపం మీదే ఉన్నాయి. అది వెలగలేదు. తెర మీద గీతలు ఒక్కొక్కటే పేరుకున్నాయి. చూసి నమ్మలేక కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఫొటో అద్దంలా ఉంది. భయపడ్డవాళ్ళ ఫొటోల్లో నీడలుంటాయి, ఇందులో వెంట్రుకవాసి నీడ లేదు. రాయి కూడా ఇంత కదలకుండా ఉండదని నర్సమ్మ అంది.

మోత ఆగిందో లేదో లోపల్నుంచి పెద్దక్క విరుచుకుపడింది. "మూడు నుంచి ఎనిమిది దాకా ఏం చేశావురా?"

బాబాయి మొదటిసారి లెక్క కట్టుకున్నాడు. మూడు నుంచి ఎనిమిది. సరిగ్గా ఒక మోత నిడివి. "మిషను మింగేసినట్టుందక్కా" అన్నాడు పీలగా, ఎలా నేర్చుకున్నాడో రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఇరవై రెండేళ్ళూ జనానికి ఇలాగే చదివావా! ఓరి నీ తెలివి తెల్లారా! విను" అంటూ మూడోదీ నాలుగోదీ గడగడా అప్పజెప్పింది. నిన్నటిదాకా తుడుచుకుపోయిన శ్లోకాలు, ఎదుటివాడి తప్పు దిద్దాలనేసరికి పరిగెత్తుకొచ్చాయి. ఆవిడకు ఆ సంగతి తట్టలేదు, బాబాయికి తట్టింది. ఆవిడిప్పుడు భయపడటం లేదు, కోపంగా ఉంది. విరామం వస్తే వీణ్ణి కడిగెయ్యాలని పళ్ళు బిగించి ఎదురుచూస్తోంది. బాబాయికి ఒళ్ళంతా తేలిపోయినట్టయింది. ఆ క్షణం నుంచి ఆయన జీవితంలో ఎన్నడూ లేనంత శ్రద్ధగా తప్పులు చేయడం మొదలుపెట్టాడు.

రెండో మోత ఆగాక, "సరే అక్కా, అది వదిలెయ్, శివుడిది చదువుతా" అని, ఒక్క శ్లోకం చదివి, దానికి లక్ష్మీదేవి ఫలశ్రుతి తగిలించాడు.

"పిలిచింది శివుణ్ణి, లాభాలు లక్ష్మీదేవి ఖాతాలోవా! ఆయనేమనుకుంటాడురా?"

"వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటార్లే అక్కా."

"చూసుకోవడమేమిట్రా! పరీక్ష ఒకడు రాసి మార్కులు ఇంకొకడికి వేస్తారా? సున్నా! నీకు సున్నా!"

నర్సమ్మ ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో ముడుచుకుపోయి నవ్వుతోంది. బాబాయి ఆవిడకు "ఉష్" అని సైగ చేస్తూ మీట నొక్కాడు. ఫొటో మళ్ళీ అద్దమే. మూడో విరామంలో ఇంకా తెగించి, ఆంజనేయుడి స్తోత్రాన్ని చివరి నుంచి మొదటికి చదివాడు.

"వెనక నుంచి చదువుతున్నావేమిట్రా!"

"ఎటు నుంచి చదివినా మొత్తం అంతే కదక్కా. కూడికలో నువ్వే చెప్పావు."

"అది కూడికరా వెధవా! ఇది తీసివేత! తీసివేతలో కిందిది పైకీ పైది కిందికీ చేస్తే ఏమవుతుందో పలక తీసుకుని-" మోత మొదలైంది. పలక సంగతి నాలుగు నిమిషాల పాటు వాయిదా పడింది.

ఆ నాలుగో మోతలోనే తెర మీద అది కనిపించింది. కుడి కంటి వెనక, శనగ గింజ కన్నా కాస్త పెద్దది. బాబాయి అలాంటివి వందల్లో చూశాడు. తెర మీద ఏది కనిపించినా మొహంలో కనిపించకూడదన్నది ఆ ఉద్యోగంలో మొదటి పాఠం, అది ఆయనకు బాగానే వచ్చు. కానీ ఇది తనకు తల దువ్విన మనిషి తల. నవ్వంతా ఎటు పోయిందో పోయింది.

బల్ల బయటికి లాగారు. నర్సమ్మ వెళ్ళి, ముందే చేతికి గుచ్చి ఉంచిన సూదిలో రంగుమందు ఎక్కించింది. ఇక మిగిలింది ఒక్కటే మోత, కానీ ఆరు నిమిషాలు. ఇందులో కదిలిందంటే ఇప్పటిదాకా చేసిందంతా వృథా, రంగుమందు మళ్ళీ ఇవాళ ఎక్కించడానికి లేదు. బల్ల లోపలికి వెళ్ళింది. బాబాయి మైకు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఒక్క తప్పు కూడా గుర్తు రాలేదు.

"ఏరా, మైకు పోయిందా?" అంది లోపల్నుంచి.

"ఉందక్కా."

"మరి చదువు. తప్పే చదువు, ఫర్లేదు."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఏమీ గుర్తు రావడం లేదక్కా" అన్నాడు. మాట సగంలోనే విరిగిపోయింది.

పెద్దక్క మెల్లగా, చిన్నప్పుడు ఎక్కం చెప్పినట్టు చెప్పింది. "సరే, విను. ఇది ఐదో శ్లోకం. నీ దగ్గర లేనిది." ఒక సగం చదివింది. "చెప్పు." బాబాయి చెప్పాడు. "ఇంకోసారి." చెప్పాడు. "రెండో సగం ఆ మోత ఆగాక చెప్తా. ఈలోపు మొదటి సగం మర్చిపోయావో, తొడపాశమే. ఊఁ, కానీ."

బాబాయి మీట నొక్కాడు.

ఆరు నిమిషాలు. గది అదిరిపోతోంది. అద్దానికి ఇవతల బాబాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ సగం శ్లోకాన్ని చదువుకున్నాడు. మొదట మర్చిపోతానేమోనని చదివాడు. తర్వాత అక్క కోసం చదివాడు. ఎప్పుడు మారిందో తెలియదు గానీ, ఆ తర్వాత తనకోసమే చదువుకున్నాడు. ఇరవై రెండేళ్ళు దూదీ రబ్బరు బుడ్డీ లాంటిదనుకున్నది, ఇప్పుడు పట్టుకుని వేలాడటానికి అదొక్కటే ఉంది. అది చాలింది. పెదవులు కదుపుతున్నాడనీ, కళ్ళలోంచి నీళ్ళు కారి గుర్తింపు కార్డు మీద పడుతున్నాయనీ ఆయనకు తెలియలేదు. నర్సమ్మ చూసి గోడవైపు తిరిగింది.

మోత ఆగింది. లోపల్నుంచి రెండో సగం, ఒక్క అక్షరం జారకుండా వినిపించింది.

ఫొటోలు చూసే డాక్టరుగారు వచ్చి తెర ముందు వంగి చాలాసేపు చూశాడు. "అంచు శుభ్రంగా ఉంది, నరానికి అంటుకోలేదు. గురువారం తీసెయ్యొచ్చు, చూపుకేం ఢోకా లేదు" అన్నాడు. వెళ్ళబోతూ, "ఇంత కదలకుండా ఉన్నారంటే మత్తిచ్చారా?" అని అడిగాడు.

"లేదండీ, కోపం తెప్పించారు" అంది నర్సమ్మ.

బాబాయి లోపలికి పరిగెత్తి పంజరం తీసి అక్కను లేవదీశాడు. ఆవిడ జుట్టంతా రేగిపోయి ఉంది. డాక్టరు చెప్పిన మాట చెబుతుంటే ఆయనకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ కలిసి ఎక్కిళ్ళొస్తున్నాయి. పెద్దక్క వీపు మీద రెండు చరిచింది.

"ఎప్పుడు తెలిసిందక్కా నీకు, కావాలని చేస్తున్నానని?"

"శివుడికి లక్ష్మీదేవిది అంటించినప్పుడే. నువ్వు మొద్దువే గానీ, నేను నేర్పిన మొద్దువి. అంత తప్పు నీకు ఊరికే రాదు."

"తెలిసీ మరి అన్ని తిట్లు ఎందుకు తిట్టావు?"

"మొదట్లో నీ గొంతు వణికింది. తిడుతుంటే ఆగింది. నువ్వు అక్కడ కూర్చుని వణుకుతుంటే నేనిక్కడ ఎలా పడుకుంటానురా?"

ఆవిడ చీర కట్టుకుని వచ్చేదాకా బాబాయి అక్కడే నిలబడ్డాడు. ఇద్దరూ తలుపు తీసుకుని వరండాలోకి వచ్చారు. బెంచీ మీద తర్వాతి మనిషి, నడివయసాయన, ఫైలును గుండెలకు హత్తుకుని కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు మాత్రం గబగబా కదులుతున్నాయి. పెద్దక్క ఆయన ముందు ఆగింది.

"ఇదిగో బాబూ, లోపల మైకు దగ్గర మా తమ్ముడుంటాడు. శ్లోకాలన్నీ తప్పులే చదువుతాడు. మొహమాటపడకుండా దిద్దు. భయమేం లేదు, వెళ్ళు."